డాబా మీద గోల్ఫ్‌కు ఏడు కర్రలు

నేను క్లబ్బులు కొనబోతున్నానని భోజనాల దగ్గర చెప్పిన రోజున మా అత్తగారు అన్నం కలుపుతున్న చేయి ఆపి, నా వైపు కాకుండా మా ఆవిడ వైపు చూశారు. విజయనగరంలో క్లబ్బు అంటే పేకాట. సాయంత్రం ఏడయ్యేసరికి ఫ్యాను కింద గుండ్రని బల్ల చుట్టూ చేరే పెద్దమనుషులు, పొద్దుపోయాక ఇంటికి చేరి మెల్లగా తలుపు తట్టే భర్తలు, ఆ మాట వినగానే ఆవిడకు గుర్తొచ్చినవి అవే. "ఏటమ్మా, ఈ వయసులో ఈయనకిదేటి?" అని కూతురిని అడిగారు గాని నన్ను అడగలేదు, అల్లుణ్ణి నేరుగా నిలదీయకూడదన్న మర్యాద ఆవిడకు ఇంకా ఉంది. గోల్ఫ్ ఆటలో బంతిని కొట్టే కర్రలను కూడా క్లబ్బులే అంటారని వివరించాక, "కర్రలా? కర్రలు డబ్బులెట్టి కొనడమేటి?" అని నవ్వి ఊరుకున్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో వాటి పేరు కర్రలే. ఈ వ్యాసంలోనూ అలాగే రాస్తాను.

నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. నలభై తొమ్మిదో ఏట మోకాలు మొరాయించడంతో ఇరవై ఏళ్ళుగా ఆడుతున్న షటిల్ మానుకోవలసి వచ్చింది. విశాఖలో ఉండే మా బావగారు, అంటే మా ఆవిడ అన్నగారు, నేవీలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. ఆయనే నన్ను ఒక ఆదివారం ముడసర్లోవ వైపు ఉన్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బుకు తీసుకువెళ్ళి, చేతికి ఒక ఏడో నంబరు ఐరన్, అంటే పలచని లోహపు తల ఉన్న కర్ర, ఇచ్చారు. ఇరవై బంతులలో పదిహేను నేల మీదే దొర్లాయి, నాలుగు పక్కకు పోయాయి. ఒక్కటి మాత్రం చేతికి ఏమీ తగిలినట్టే లేకుండా లేచి, గాలిలో నిలిచి, మెల్లగా దిగింది. ఆ ఒక్క బంతి కోసమే మిగిలినదంతా నడుస్తోంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, నేను చెప్పదలచుకున్నదంతా దాని మీదే ఆధారపడి ఉంది. మా ఇంటి నుంచి ఆ మైదానానికి ఆనందపురం మీదుగా రమారమి యాభై అరవై కిలోమీటర్లు. ఉద్యోగం, ఇల్లు, పెళ్ళిళ్ళు, పేరంటాలు పోను నేను అక్కడికి నెలకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు వెళ్ళగలను. మిగిలిన రోజుల్లో నా గోల్ఫ్ అంతా మా ఇంటి డాబా మీదే. మొదటిసారి కర్రలు కొనేవాడికి సలహాలిచ్చే వీడియోలు వందలు ఉన్నాయి. వాటిలో మాట్లాడేవారందరికీ ఇంటికి పది నిమిషాల దూరంలో పచ్చిక మైదానం ఉంటుంది. వారికి సరిపోయే సెట్టు నాకు సరిపోదు. శ్రీకాకుళంలోనో, పార్వతీపురంలోనో, బొబ్బిలిలోనో ఉండి ఈ ఆట మొదలుపెట్టేవాడు తన కర్రలను తాను నెలకొకసారి ఆడే మైదానాన్ని బట్టి కాక, రోజూ సాధన చేసే చోటును బట్టి ఎంచుకోవాలని నా వాదం.

ఈ సంగతి నాకు పధ్నాలుగు వేలు పోయాక తెలిసింది. తొలి ఉత్సాహంలో ఒక ఆన్‌లైన్ దుకాణంలో పన్నెండు కర్రలు, బ్యాగు, టోపీలతో సహా పూర్తి సెట్టు అని కనిపిస్తే తెప్పించాను. మెరుపు చూసి మా అమ్మాయి కూడా ముచ్చటపడింది. మూడో వారంలో మా కాలనీ చివర, హద్దురాళ్ళు పాతి ఇళ్ళు లేవకుండా మిగిలిపోయిన లేఅవుట్‌లో చిల్లుల ప్లాస్టిక్ బంతులతో సాధన చేస్తున్నాను. కర్ర తిప్పిన క్షణాన చేతికి హఠాత్తుగా బరువు తేలికైంది. ఎదురుగా ఎక్కడో హద్దురాయి టంగుమంది. చూస్తే నా చేతిలో ఉత్త గొట్టం మిగిలింది. తల ఊడి ఇరవై గజాల అవతల పడింది. ఆ దారిన మేకలు తోలుకువెళ్ళే కుర్రాడు ఆ రోజు రాకపోవడం నా అదృష్టం. తలను తీసి చూస్తే గొట్టం దిగే కన్నంలో బంక పొర ఒక పక్కనే ఉంది, రెండో పక్క లోహం నున్నగా మెరుస్తోంది. కర్ర తలను గొట్టానికి, అంటే షాఫ్టుకు, పట్టి ఉంచేది ఎపాక్సీ బంక ఒక్కటే. ఆ కన్నాన్ని గరుకుగా గీరి, నూనె జిడ్డు తుడిచి, చుట్టూ సమంగా బంక పట్టిస్తేనే అది నిలుస్తుంది. చవక సెట్లలో మొదట ఎగిరిపోయేది ఈ పనే.

మరునాడు ఆ తలను కళాశాలకు పట్టుకుపోయి ప్రయోగశాలలోని దండాయస్కాంతం ఆనించాను. అంటుకోలేదు. పేరున్న కంపెనీల ఐరన్ తలలు చాలావరకు అయస్కాంతం పట్టే ఉక్కుతోనే పోస్తారు. చవక తలలు జింకు మిశ్రమంతో పోసి పైన మెరుపు పూత వేస్తారు. పట్టని ఉక్కు రకాలు కూడా ఉన్నాయి కాబట్టి ఈ పరీక్షే తుది తీర్పు కాదు, అన్నిటికన్నా దూరం కొట్టడానికి వాడే డ్రైవరు అనే పొడుగు కర్ర తల టైటానియంది అయితే దానికి అసలు పనికిరాదు. అయినా సెకండ్ హ్యాండ్ ఐరన్ కొనడానికి వెళ్ళేటప్పుడు జేబులో ఒక చిన్న అయస్కాంతం వేసుకుని వెళ్ళడంలో నష్టం లేదు. అంటుకోకపోతే అనుమానించాలి. తలను ఒక చేత్తో, గొట్టాన్ని ఒక చేత్తో పట్టుకుని మెలితిప్పి చూడాలి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడాలి. రెండూ కలిసేచోట ఉండే నల్లని ప్లాస్టిక్ ఉంగరం పైకి జరిగి ఉంటే లోపల బంక వదులైందేమోనని సందేహించాలి.

అసలు పన్నెండు కర్రలు నాకెందుకు అన్న ప్రశ్న ఆ తల ఊడిన తరువాతే వేసుకున్నాను. నియమాల ప్రకారం ఒక ఆటగాడు బ్యాగులో 14 కర్రల వరకు ఉంచుకోవచ్చు. ఈ హద్దును అమెరికా సంఘం 1938లో, బ్రిటన్ సంఘం 1939లో పెట్టాయి. అంతకుముందు ఇరవై, ముప్పై కర్రలు బ్యాగు మోసే క్యాడీ భుజాన వేసి తిరిగినవారున్నారు. అంటే పద్నాలుగు అనేది అత్యాశకు వేసిన పగ్గమే గాని, ఇంత ఉండి తీరాలన్న లెక్క కాదు. చిక్ ఎవాన్స్ అనే అమెరికా అమెచ్యూరు ఆటగాడు 1916లో యు.ఎస్. ఓపెన్‌ను ఏడే ఏడు కర్రలతో, అవీ హికరీ చెక్క గొట్టాలవి, 286 దెబ్బలలో గెలిచాడు. అంతకన్నా తక్కువ దెబ్బలలో 1936 దాకా ఎవరూ ఆ పోటీని గెలవలేదు. (1936 అంటే మా ఊరివారికి వేరే సంగతి గుర్తొస్తుంది. మా విజ్జీ, అంటే విజయనగరం మహారాజకుమారుడు, భారత క్రికెట్ జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్ళిన సంవత్సరం అది. మూడు టెస్టులలో కలిపి ఆయన చేసిన పరుగులు 33. ఊరి మీద అభిమానం వేరు, లెక్క వేరు.) స్పెయిన్ ఆటగాడు సెవె బయస్టెరోస్ చిన్నతనంలో పెద్రేన్యా ఊరి సముద్రపు ఒడ్డున ఒక్క మూడో నంబరు ఐరన్‌తో ఆట నేర్చుకున్నాడు. తడి ఇసుక మీద కర్ర ముందు బంతిని తాకిందో ఇసుకను తాకిందో గుర్తు చెప్పేస్తుంది. చింతపల్లి తీరంలో తెల్లవారుజామున నేనూ రెండుసార్లు ప్రయత్నించాను గాని, వల లాగడానికి జనం వచ్చే వేళకు మానుకోక తప్పదు.

నా విద్యార్థులకు నేను ఏటా మొదటి నెలలో వెర్నియర్ కాలిపర్స్ మీద చెప్పే పాఠమే ఇక్కడ నాకు ఉపయోగపడింది. పరికరం కనీసపు కొలత ఎంతో చూసుకోకుండా దశాంశ స్థానాలు పెంచుకుంటూ పోతే అది ఖచ్చితత్వం కాదు, భ్రమ. ఐరన్లలో ఒక నంబరుకూ తరువాతి నంబరుకూ ముఖం వాలులో, అంటే లాఫ్టులో, తేడా దాదాపు నాలుగు డిగ్రీలు. నంబరు పెరిగేకొద్దీ వాలు పెరిగి దూరం తగ్గుతుంది. చేయి తిరిగినవాడికి ఆ తేడా వల్ల దూరంలో పది గజాల పైచిలుకు మార్పు వస్తుంది. నేను ఒక ఆదివారం రేంజిలో, అంటే బంతులు కొట్టి సాధన చేసే చోట, ఏడో నంబరుతో ఇరవై బంతులు కొట్టి, నేలబారు పోయినవి తీసేసి, మిగిలినవి ఎక్కడ పడ్డాయో కాగితం మీద గుర్తులు పెట్టుకున్నాను. దగ్గరిది ఎనభై గజాలలో, దూరానిది నూట ముప్పైలో పడింది. ఒకే కర్రతో యాభై గజాల తేడా తెచ్చే మనిషి పది గజాల తేడా కోసం ఇంకో కర్ర కొనడం, మీటరు బద్దకు మిల్లీమీటరు గీతలు లేనప్పుడు మైక్రాన్లు అడగడం లాంటిది. అందుకే ఒకటి విడిచి ఒకటి చాలు.

నేను చివరికి నిలుపుకున్న ఏడూ ఇవి: ఐదో నంబరు వుడ్ (లావు తలతో దూరం కొట్టేది), ఐదో నంబరు హైబ్రిడ్ (వుడ్‌కూ ఐరన్‌కూ మధ్యరకం), ఏడో ఐరన్, తొమ్మిదో ఐరన్, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్ (ఈ రెండూ దగ్గరి నుంచి బంతిని ఎత్తుగా లేపేవి), పటర్ (గుంత దగ్గర బంతిని దొర్లించేది). వుడ్ వాలు పద్దెనిమిది డిగ్రీల ప్రాంతం, శాండ్ వెడ్జ్‌ది యాభై ఆరు. నడుమ మెట్లు సుమారు ఏడెనిమిది డిగ్రీలవి, ఒకటి మాత్రం కాస్త చిన్నది. వీటిలో ఏడో ఐరన్‌కే నా చేతి చెమట ఎక్కువ పట్టింది. మిగతా ఆరు దానికి అటూ ఇటూ ఉన్న చుట్టాలు.

ఇప్పుడు డాబా సంగతికి వస్తాను, ఎందుకంటే షాఫ్ట్ ఏ రకం ఎంచుకోవాలన్నది అక్కడే తేలింది. డాబా మీద రెండు ఇనుప గొట్టాలు నిలబెట్టి, చింతపల్లి మత్స్యకారుల దగ్గర పాత నైలాను వల కొని వేలాడదీశాను. గోల్ఫ్ బంతి అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదని నియమం, కాబట్టి వల కన్ను అందులో సగమైనా మించకుండా చూసుకున్నాను. వలను బిగించి కట్టకూడదు. బిగిస్తే బంతి మీదికే తిరిగి వస్తుంది. వదులుగా, రెండు పొరలుగా వేలాడితే బంతి దానిలో చుట్టుకుని జారి కింద పడుతుంది. పాత వలలో ఎక్కడ పోగు చివికి ఉందో ముందు చూసి కుట్టించుకోవాలి. నా ఒక బంతి దాటిపోయి పక్కింటివారి నీళ్ళ ట్యాంకు మూత మీద పడింది. వారు ఏమీ అనలేదు గాని, మరుసటి రోజు ట్యాంకు మీద ఒక పాత పరుపు ప్రత్యక్షమైంది. అప్పటి నుంచి డాబా మీద నురగ బంతులే వాడుతున్నాను.

కాళ్ళ కింద, బంతి కింద ఉద్దానం వైపు నుంచి తెచ్చిన దళసరి కొబ్బరి పీచు పట్టాలు వేశాను. పీచు పట్టా కింద ఉన్నది కాంక్రీటు. పచ్చిక మీద కర్ర కాస్త ముందుగా నేలను తాకితే మట్టి లేస్తుంది, దెబ్బ అక్కడ ఆగుతుంది. కాంక్రీటు మీద మట్టికి బదులు మణికట్టు లేస్తుంది. మొదట నేను వాడినవి ఉక్కు షాఫ్టులు. రెండు నెలలకు కుడి మోచేయి బయటివైపు నొప్పి మొదలై, నల్లబల్ల మీద సుద్దముక్క ఎత్తి పట్టుకోవడానికి కూడా ఇబ్బందైంది. ఉక్కు షాఫ్ట్ బరువు తరచూ వంద గ్రాముల పైన ఉంటుంది, గ్రాఫైటుది అరవై డెబ్బై గ్రాముల చుట్టూ. బరువు ఒక్కటే కాదు, అదురును చేతికి చేరనివ్వకుండా మింగడంలో గ్రాఫైటు మెరుగు. ఐరన్లకు ఉక్కే మేలు, ఖర్చూ తక్కువ అని చాలామంది చెబుతారు. అది పచ్చిక మీద ఆడే పాతికేళ్ళ కుర్రవాడికి సరైన మాటే. కాంక్రీటు మీద సాధన చేసే నా వయసువాడు మాత్రం సెకండ్ హ్యాండ్‌లోనైనా సరే గ్రాఫైటే కొనాలి. నేను పూర్తి ధర పెట్టడానికి వెనుకాడని ఒకే ఒక్క అంశం ఇది. షాఫ్ట్ వంగే గుణంలో మెత్తనివి, మామూలువి, గట్టివి అని రకాలున్నాయి. తొలి కర్రలకు మామూలు రకం, లేదా అంతకన్నా ఒక మెట్టు మెత్తనిది చాలు. గట్టిది కొనడం మగతనానికి గుర్తు అనుకునేవారు మా బావగారి స్నేహితులలో ఇద్దరున్నారు. ఇద్దరి బంతులూ కుడి వైపు చెట్లలోకే పోతుంటాయి.

ఐరన్ తల వెనుక భాగం నిండుగా ఉన్నదా, తవ్వినట్టు లోతుగా ఉన్నదా అన్నది రెండో పెద్ద ప్రశ్న. దీనికి మా పల్లెల కావిడే మంచి ఉదాహరణ. రెండు కొసలా నిండు కుండలతో ఉన్న కావిడిని భుజాన వేసుకున్నవాణ్ణి ఎవరైనా ఒక కొస పట్టుకుని తిప్పబోతే అది అంత తేలికగా తిరగదు. అదే బరువును బద్ద నడుమకు చేర్చి కడితే వేలితో తోసినా గిర్రున తిరుగుతుంది. బరువు కేంద్రానికి ఎంత దూరంగా ఉంటే తిరగడానికి అంత మొరాయిస్తుంది. తల వెనుక మధ్యలో లోహాన్ని తీసి అంచులకు పంచితే, బంతి ముఖం నడిమధ్యన కాక కొసన తగిలినా తల మెలితిరగడం తగ్గుతుంది, దెబ్బ మరీ వృథా కాదు. కార్‌స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజినీరు పింగ్ అనే పేరుతో 1960లలో ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడు. కత్తిలా పలచగా ఉండే నిండు ఐరన్లు చూడడానికి అందంగా ఉంటాయి, సెకండ్ హ్యాండ్ ధరా తక్కువే. చేయి కుదరనివాడు వాటి జోలికి పోకూడదు.

పాత ఐరన్లా, కొత్తవా అన్న దాంట్లో నేను పాతవాటి పక్షం. కారణం పిసినారితనం ఒక్కటే కాదు. ఐరన్ మీది నంబరుకు ప్రమాణం అంటూ ఏదీ లేదు. పాతిక ముప్పై ఏళ్ళ కిందటి ఏడో ఐరన్ వాలు ముప్పై నాలుగు, ముప్పై ఐదు డిగ్రీలు ఉండేది. ఇప్పుడు వస్తున్న చాలా సెట్లలో ఏడో నంబరు ముప్పై డిగ్రీలకూ, ఇంకా కిందికీ దిగింది. పాత ఆరో ఐరన్‌నో ఐదో ఐరన్‌నో తీసి దాని మీద ఏడు అని చెక్కి "చూడండి, ఎంత దూరం పోయిందో" అంటే అందులో వింత ఏముంది? దీని పర్యవసానం వెడ్జ్ దగ్గర తేలుతుంది. కొత్త సెట్టులో పిచింగ్ వెడ్జ్ నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలకు దిగిపోతే, యాభై ఆరు డిగ్రీల శాండ్ వెడ్జ్‌కూ దానికీ నడుమ పెద్ద గండి పడి, దాన్ని పూడ్చడానికి ఇంకో వెడ్జ్ కొనిపిస్తారు. పాత సెట్టులో పిచింగ్ వెడ్జ్ నలభై ఏడు, నలభై ఎనిమిది దగ్గర ఉంటుంది, ఆ గండే ఉండదు. కాబట్టి కొనే ముందు నంబరు కాదు, డిగ్రీలు అడగాలి.

ఇక కొలతలు. ఏడో ఐరన్ పొడవు మగవారికి మామూలుగా ముప్పై ఏడు అంగుళాలు. నా ఎత్తు ఐదడుగుల ఐదు. నిటారుగా నిలబడి, చేతులు వదిలేసి, మణికట్టు ముడత నుంచి నేల దాకా మా అమ్మాయి చేత టేపుతో కొలిపించుకుంటే సగటు కన్నా అంగుళం పైన తక్కువ తేలింది. పొడవు తగ్గించడానికి షాఫ్ట్ కోయించనక్కరలేదు, అర అంగుళం కిందికి పట్టుకుంటే చాలు. కోస్తే షాఫ్ట్ గట్టిపడినట్టూ తల తేలికైనట్టూ అనిపిస్తుంది. కర్ర నేల మీద నిలిచే కోణం సరిపోయిందో లేదో చూసుకోవడానికి నేను చేసిన ప్రయోగం ఇది. బంతి మీద స్కెచ్ పెన్నుతో దళసరిగా నిలువు గీత గీసి, ఆ గీత కర్ర ముఖానికి ఎదురుగా ఉండేట్టు పెట్టి కొట్టాలి. ముఖం మీద పడిన సిరా ముద్ర నిలువుగా ఉంటే కోణం సరైనదే. నాది మొదట కొద్దిగా ఒరిగింది. పొడుగువాడి కర్ర పొట్టివాడి చేతిలో పడితే కొన పైకి లేచి, బంతి ఎడమకు లాగుతుంది. కొద్ది ఒరుగుదలకు తొలి ఏడాది కంగారు పడవలసిన పని లేదు. ఎడమ చేతివాటం వారికి మాత్రం సెకండ్ హ్యాండ్ బజారులో దొరకడం కష్టం, వారికి ఓపిక ఎక్కువ కావాలి.

గ్రిప్పు గురించి ఎవరూ చెప్పరు. మన తీరపు ఉక్కలో, మూసిన కారు డిక్కీలో రబ్బరు గ్రిప్పు రెండేళ్ళకు గాజులా నున్నబడుతుంది. నున్నబడిన గ్రిప్పును మనిషి తెలియకుండానే గట్టిగా పిసికి పట్టుకుంటాడు, దానితో భుజాలు బిగుస్తాయి, తప్పు మాత్రం స్వింగుదని అనుకుంటాడు. కర్రల ధర మాట్లాడేటప్పుడే గ్రిప్పులు మార్చడానికయ్యే ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోవాలి. మార్చడం ఇంట్లోనే సాధ్యం: పాతది బ్లేడుతో కోసి తీసి, రెండు వైపులా అంటుకునే టేపు చుట్టి, రంగుల దుకాణంలో దొరికే టర్పెంటైను పోసి తడిపి, కొత్తది ఒక్క తోపున దించాలి. గ్రాఫైటు గొట్టమైతే బ్లేడు లోతుగా దిగకూడదు, పోగు తెగితే షాఫ్ట్ పోయినట్టే.

పటర్ మీద పెట్టిన డబ్బు వృథా పోదని నాకు గట్టి నమ్మకం. పద్దెనిమిది గుంతల మైదానానికి పార్, అంటే మంచి ఆటగాడికి పట్టాల్సిన దెబ్బల లెక్క, 72 అనుకుంటే, గుంతకు రెండు చొప్పున 36 దెబ్బలు పటర్‌వేనని ఆ లెక్కలోనే ఒప్పుకున్నారు. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ చివరి రోజు తెల్లవారుజామున మన గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ ఆట చూడడానికి మా ఇంట్లో అందరమూ లేచి కూర్చున్నాము. గోల్ఫ్ అంటే ఏమిటో అప్పటికి మాలో ఒక్కరికీ తెలియదు. దూరం కొట్టడంలో ఆమె తోటివారి కన్నా బాగా వెనుక, ఆమెను పతకం అంచు దాకా తెచ్చింది పటర్. ఒక్క దెబ్బ తేడాతో నాలుగో స్థానం వచ్చింది. పటర్ సాధనకు మైదానం అక్కరలేదు. టైల్సు నేల మీద బంతి మరీ జారిపోతుంది కాబట్టి జంపఖానా పరిచి, చివర మా ఇత్తడి చెంబును పడుకోబెట్టాను. గోల్ఫ్ గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు, ఆ చెంబు మూతి దానికి కొంచెం తక్కువ. చెంబులో పడితే అక్కడ తప్పక పడుతుంది. పటర్ మాత్రం చేత్తో పట్టుకుని చూడకుండా కొనకూడదు. తల ఆకారం, బరువు, పొడవు ఎవరి కంటికి, ఎవరి నడుముకు తగినవి వారివి.

డ్రైవరు లేదేమని మీరు అడగవచ్చు. మా బావగారు రోజూ అడుగుతారు.

"డ్రైవరు లేని బ్యాగు ముక్కుపుడక లేని పెళ్ళికూతురు లాంటిది బావా" అంటారాయన.

"పద్దెనిమిది గుంతలలో దాన్ని మీరు ఎన్నిసార్లు వాడతారు బావగారూ?"

"పద్నాలుగు."

"అందులో బంతి దొరికేవి ఎన్ని?"

ఆయన కాఫీ చల్లారిపోతోందని గుర్తు చేశారు. డ్రైవరు పొడవు నలభై ఐదు అంగుళాల ప్రాంతం, వాలు పదిన్నర డిగ్రీలు. పొడవు పెరిగినకొద్దీ ముఖాన్ని తిన్నగా బంతి దగ్గరకు తీసుకురావడం కష్టం. పైగా వాలు ఎక్కువగా ఉన్న కర్ర బంతిని వెనక్కి తిప్పే భ్రమణం ఎక్కువ ఇస్తుంది, దాని ముందు పక్కకు తిప్పే తప్పు చిన్నదైపోతుంది. వాలు తక్కువైతే అదే తప్పు బంతి భ్రమణ అక్షాన్ని బాగా ఒరగబెట్టి బంతిని చెట్లలోకి విసురుతుంది. అదే ఊపు, అదే పొరపాటు, ఐదో వుడ్‌తో అయితే మైదానం అంచున ఆగుతుంది. నాకు డ్రైవరు మీద పగ లేదు. డాబా మీద వలలోకి కొట్టేవాడికి బంతి ఎటు వంగుతోందో కనిపించదు కాబట్టి, తన తప్పును తాను చూసుకోలేని చోట ఆ కర్రను నేర్చుకోవడం నిష్ఫలమని మాత్రమే అంటున్నాను.

అరువు తెచ్చుకుంటే సరిపోదా అన్నవారూ ఉన్నారు. నెలకొకసారి మైదానంలో ఆడడానికి సరిపోతుంది. రోజూ పొద్దున్నే డాబా మీద నలభైసార్లు ఊపడానికి సొంత కర్ర ఒక్కటైనా ఇంట్లో ఉండాలి. అసలు పొదుపుగా మొదలుపెట్టాలనుకునేవాడు ఒక ఏడో ఐరన్, ఒక పటర్ కొనుక్కుని ఆరు నెలలు ఆగితే నేను ఇంకా సంతోషిస్తాను. డబ్బున్నవాళ్ళ ఆట అన్న ఆరోపణకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. సభ్యత్వాలు, మైదానం రుసుములు నిజంగానే సామాన్యుడికి బరువు. అయితే ఆ బరువుకు కారణం మైదానమే గాని కర్రలు కావు. వాటి మీద అనవసరంగా పోసిన ప్రతి వెయ్యీ మైదానంలో గడపగలిగిన ఒక ఉదయాన్ని తినేస్తుంది.

ఎక్కడ కొనాలంటే, కొత్త సెట్టు కొని పాతది అటక ఎక్కించిన సభ్యులను వెతకాలి. క్యాడీలను అడిగితే ఎవరి గ్యారేజీలో ఏమున్నదో చెబుతారు. కొత్తవే కావాలనుకునేవారికి డెకాథ్లాన్‌లో ఇనెసిస్ పేరుతో అమ్మే హాఫ్ సెట్, అంటే తక్కువ కర్రలుండే సెట్టు, నిజాయితీ అయిన వస్తువు. పెద్ద కంపెనీ పేరుతో మరీ చవకగా వచ్చే కొత్త సెట్టు నకిలీ అయి ఉండడానికే అవకాశం ఎక్కువ.

నా ఖాతా ఇది. మూడు ఐరన్లు గ్రాఫైటు షాఫ్టులతో ఆరు వేల ఐదు వందలు, హైబ్రిడ్, వుడ్ కలిపి నాలుగు వేలు, శాండ్ వెడ్జ్ వెయ్యి, పటర్ రెండు వేల రెండు వందలు, చిరుగు కుట్టించిన బ్యాగు ఎనిమిది వందలు. మొత్తం పధ్నాలుగు వేల ఐదు వందలు, అంటే తల ఊడిన సెట్టు కన్నా ఐదు వందలు ఎక్కువ. ఆ ఊడిన తల ఇప్పుడు మా అత్తగారి దగ్గర ఉంది. డాబా మీద ఎండబెట్టిన వడియాల మీది గుడ్డ ఎగిరిపోకుండా బరువు పెడతారు. నేను సాధనకు వెళ్ళే వేళకు, "అల్లుడుగారొస్తున్నారు, వడియాలు పక్కకి జరపండమ్మా" అని కింద నుంచి కేక వేస్తారు.